లైన్‌లోనే ఉండండి

మేబెల్ సుగుణ గొంతు పెద్దది కాదు.
మొదటి రిహార్సల్లోనే చెప్పేసింది:
"అరవడం నాకు చేతకాదు బాబ్జీ.
మా నాన్నకి గనిలో రాత్రి షిఫ్టు.
పగలు పడుకునేవాడు.
ఆయన్ని లేపకుండా పాడటం ఒక్కటే నేర్చుకున్నాను."

కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ లైన్లలో,
పక్కింటి దగ్గు మనింట్లో వినపడే తడక గోడల మధ్య
సగం గాలి, సగం పాట.

ఎనభై ఆరులో ఆ సగం గాలినే
రెసిడెన్సీ రోడ్డులో, మెట్లు దిగి వెళ్ళే ఓ బార్లో
బుధవారం బుధవారం అమ్ముకునేవాళ్ళం.
నలుగురికీ కలిపి నూట యాభై,
మిగిలితే వేరుశనగ మసాలా.
నేను పగలు హెచ్‌ఎంటీలో గడియారాలు బిగించి
రాత్రి బేస్ గిటార్ వాయించేవాణ్ణి.
అది ఉన్నప్పుడు ఎవరికీ వినపడదు,
లేనప్పుడు, చారులో ఏదో తగ్గిందే, అంటారు.

అప్పుడు బెంగళూరుకి గట్టి రాక్ పిచ్చి.
జుట్టు పెంచిన కుర్రాళ్ళు
కబ్బన్ పార్కు కాకుల్ని లేపి తరిమేవాళ్ళు.
ఈవిడేమో స్టూలు మీద కూర్చుని
కుచ్చిళ్ళు సర్దుకుని
ఏ మైనర్ పట్టుకునేది.
వెనక బల్ల నుంచి ఎవడో, "గట్టిగా!"
ఇంకా తగ్గించేది.
గ్లాసులు కింద పెట్టేదాకా తగ్గించేది.

పాటలు ఇంగ్లీషులోనే రాసేది.
ఒక్క పాటలో మాత్రం 'తుంపర' అలాగే ఉండిపోయింది.
డ్రిజిల్ అంటే సరిపోదట,
ఆ మాట వింటే ఒళ్ళు తడవదట.
పేపర్లో రాసినాయన
అది ప్రియుడి చెల్లెలి పేరనుకున్నాడు.

వాళ్ళ నాన్న ఒకే ఒక్కసారి వచ్చాడు,
ఇస్త్రీ చొక్కా, ముందు వరస.
మూడో పాటకి తల వాల్చి నిద్రపోయాడు.
చప్పట్లు వద్దని
మేబెల్ హాలంతటికీ చేత్తో సైగ చేసింది.

తొంభై ఒకటిలో రెండు గాజులు అమ్మి
ఐదువందల క్యాసెట్లు వేయించింది.
(బంగారం తవ్వే ఇంట్లో ఉన్న బంగారం అంతే.)
నూట ఎనభై ఎనిమిది పోయాయి.
మిగతావి మా అటక మీద.
ఏటా దీపావళికి దించి, దుమ్ము దులిపి, ఎక్కిస్తాం.

తర్వాత?
బనియన్ల కంపెనీకి పదమూడు సెకన్లు.
కుక్కర్ గాస్కెట్‌కి తొమ్మిది.
కాక్స్‌టౌన్ పెళ్ళి రిసెప్షన్లలో
బిర్యానీ వాసన మీదుగా ప్రేమ గీతాలు.
డ్రమ్స్ సెల్విన్ మస్కట్‌లో లారీల లెక్క రాస్తున్నాడు.
బార్ చెప్పుల షోరూమ్ అయింది.
స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి
నాలుగు బాణీలు ఎవరికో
మూడు వేలకి ఇచ్చేసింది. ఏ నాలుగో మర్చిపోయాం.

పోయిన జులైలో ఫోను.
"బాబ్జీ, మాట్లాడకు. విను."
ల్యాండ్‌లైన్ రిసీవర్ని సెల్‌కి ఆనించింది.
గ్యాస్ ఏజెన్సీ వాళ్ళు లైన్‌లో ఉంచారట.
ఆ ఎదురుచూపులో, కీబోర్డు మీద,
మాటల్లేకుండా,
తుంపర.
ఇరవై సెకన్లకోసారి ఎవరో అమ్మాయి
'మీ కాల్ మాకు చాలా ముఖ్యం' అంటోంది,
సరిగ్గా చరణం ఎత్తుకోబోయే చోట.

"నీ బేస్ తీసేశారు," అంది.
"ఉంది మేబెల్.
ఆ స్పీకరుకి అందదు, అంతే."
అబద్ధమో నిజమో నాకూ తెలియదు.

ఇంతలో అవతల మనిషి గొంతు,
"చెప్పండి మేడమ్, కన్స్యూమర్ నంబర్?"
"ఏం లేదమ్మా.
మళ్ళీ లైన్‌లో పెట్టు."

ఆ వారం సిలిండర్ రాలేదు.
రెండు పూటలా నేనే
ఇడ్లీ పార్సిళ్ళు పట్టుకెళ్ళాను.
చట్నీ పలచగా ఉందని తిట్టింది,
ఎవరో పడుకున్న ఇంట్లో తిట్టినంత
మెల్లగా.